తుఫాను పోయాక వచ్చే కరెంటు

తుఫాను వస్తోందనగానే కోనసీమలో ఇంటింటా జరిగే పని ఒకటుంది. టీవీ ప్లగ్గు పీకేస్తారు. కేబుల్ తీగ కూడా ఊడదీసి కిటికీ అవతల పడేస్తారు. గాలి తగ్గాక రెండ్రోజులకో వారానికో కరెంటొస్తుంది. వీధి చివర్నుంచి "వచ్చింది, వచ్చింది" అని పిల్లల కేకలు వినబడతాయి. వెంటనే జరిగే రెండో పని, ఆ ప్లగ్గు మళ్ళీ పెట్టెయ్యడం. మొదటి పని వల్ల బతికిన టీవీలు ఈ రెండో పని వల్ల పోతుంటాయి.

అంటే చాలాసార్లు టీవీని చంపేది తుఫాను కాదు, తుఫాను పోయాక వచ్చే కరెంటు. ఈ ఒక్క ముక్క పట్టుకుని వెనక్కి వెళ్తే గత నలభై ఏళ్ళలో మన టీవీ వెనకాల అట్టపెట్టెలో ఏమేం మారిందో తెలుస్తుంది. దాన్ని బాగుచేసే మనిషి ఏమవుతున్నాడో కూడా తెలుస్తుంది. నాకు రెండోదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. అయినా వరసలో వద్దాం.

మాది అంబాజీపేట. అమలాపురం నుంచి పి.గన్నవరం వెళ్ళే దారిలో ఉంటుంది. కొబ్బరి వ్యాపారానికి రాష్ట్రంలో పేరున్న ఊరు. కొబ్బరికాయ, కురిడీ, పీచు, తాడు - ఊరంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కొబ్బరి పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే ఉంది. కొబ్బరి వల్ల వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఎక్కువ. కొబ్బరి చెట్టు కరెంటు స్తంభం కంటే బాగా పొడుగు. మా వీధిలో తీగలు ఇప్పటికీ కొబ్బరాకుల కిందుగానే వెళ్తాయి. మామూలు గాలికి మట్ట రాలి తీగ మీద పడుతుంది. తుఫాను గాలికి చెట్టే పడుతుంది.

చెట్టు పడితే నాలుగు తీగల్లో ఏది తెగుతుందన్నది అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. మూడు ఫేజు తీగల్లో ఒకటి తెగితే ఆ ఫేజు మీదున్న ఇళ్ళకి కరెంటు రాదు, అంతే. తెగింది నాలుగోది, న్యూట్రల్ అయితేనే అసలు కథ.

ఇక్కడో చిన్న లెక్క, భయపడకండి. ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య సుమారు 400. మీ ఇల్లు ఒక ఫేజు మీద, పక్కింటాయన ఇల్లు ఇంకో ఫేజు మీద ఉందనుకోండి. న్యూట్రల్ బాగున్నంతసేపూ ఎవరి 230 వాళ్ళది. అది తెగిందంటే మీ రెండిళ్ళూ ఒకే దండకి గుచ్చిన పువ్వుల్లా ఆ 400 వోల్టుల మధ్య వరసగా నిలబడతాయి. అప్పుడు 400నీ ఇద్దరూ పంచుకోవాలి. సమానంగా కాదు. ఎక్కువ సామాను వేసుకున్న ఇంటికి తక్కువ వోల్టేజీ, తక్కువ సామాను వేసుకున్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ. పక్కింట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు కలిపి 800 వాట్లు నడుస్తూ, మీ ఇంట్లో 80 వాట్ల టీవీ ఒక్కటే ఉంటే, ఉజ్జాయింపుగా మీ టీవీకి 360 వోల్టులు, ఆయనకి 40 వోల్టులు. పొదుపుగా ఉన్న ఇల్లే మాడిపోతుందన్నమాట. ఆయన ఫ్యాన్లు తిరగట్లేదని విసుక్కుంటూంటే మీ టీవీ లోంచి పొగ వస్తుంది.

పిడుగు సంగతి వేరు. మా వైపు పిడుగుల బెడద తుఫాను రోజుల్లో కంటే వేసవి గాలివానల్లో ఎక్కువ. ఆ దెబ్బ కేబుల్ తీగ గుండా వచ్చి ట్యూనరు దగ్గర తగిలేది. తుఫాను తర్వాత బల్ల మీదకి వచ్చే టీవీల్లో మాత్రం ముందు చూడాల్సింది పవర్ బోర్డునే.

ఇప్పుడు చరిత్ర.

హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. అదే ఏడు నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. పదివేల మంది దాకా పోయారంటారు. ఆ రాత్రి కృష్ణా, గోదావరి లంకల్లో వార్త వినాలంటే రేడియో ఒక్కటే దిక్కు. మన తీరానికి టీవీ అప్పటికి ఒక కబురు మాత్రమే. ట్రాన్స్‌మిటర్లు దేశమంతా వరసపెట్టి వెలిసింది 1984 ప్రాంతంలో. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యేసరికి టీవీ ఉన్న ఇల్లు ఊరికి ఆదివారం పూట గుడిలాంటిది.

ఆ తొలి తరం బ్లాక్ అండ్ వైట్ సెట్లు గుర్తున్నాయా? హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడేర్. చిన్న పోర్టబుల్ సెట్లలో చాలావాటికి లోపల ఒక ఇనప ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. 230 వోల్టుల్ని అది పదీ పదిహేనుకి దించేది. నాలుగు డయోడ్లు దాన్ని డీసీ చేసేవి, ఒక పెద్ద ట్రాన్సిస్టరు 12 వోల్టుల దగ్గర నిలబెట్టేది. లోపల నడిచేదంతా ఆ 12 వోల్టుల మీదే. అందుకే దాని వెనక బ్యాటరీ తగిలించే చోటుండేది. కరెంటు లేని ఊళ్ళలో ట్రాక్టరు బ్యాటరీ దించి టీవీ చూసింది ఇలాగే.

ఇంత మోటు వ్యవస్థకి ఒక మంచి గుణం ఉంది. వోల్టేజీ పెరిగితే ఆ ఇనుము ముందు మూలుగుతుంది, వేడెక్కుతుంది, వాసనొస్తుంది. అంటే టైమిస్తుంది. ఎవరో ఒకరు లేచి స్విచ్చి ఆపుతారు. పైగా దాని ముందు ఇంకో ఇనప డబ్బా ఉండేది, స్టెబిలైజరు. ముందు సోఫా లేకపోయినా ఫరవాలేదు గానీ టీవీ కింద స్టెబిలైజరు లేకపోతే పరువు పోయే రోజులవి :)

1982లో కలర్ వచ్చింది. కలర్ టీవీకి 12 వోల్టులు ఎక్కడ సరిపోతాయి? లోపల నూట పది పైచిలుకు వోల్టుల సరఫరా కావాలి. దానికి సరిపడా ఇనుము పెడితే టీవీని ఇద్దరు మోయాలి. అందుకని ఎస్.ఎం.పి.ఎస్ వచ్చింది. పేరు పెద్దది గానీ సూత్రం తేలికే. వచ్చిన కరెంటుని దించకుండా అలాగే నేరుగా డీసీ చేసేస్తారు. 230ని డీసీ చేస్తే 325 వోల్టులు ఒక పెద్ద కెపాసిటర్‌లో నిలవుంటాయి. దాన్ని ఒక ట్రాన్సిస్టరు సెకనుకి వేలసార్లు తెంపుతూ కలుపుతూ ఉంటే, చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మరు చాలు. బరువు తగ్గింది, కరెంటు ఆదా అయింది. కానీ తొలిసారిగా వీధిలో తీగకీ టీవీ లోపలి సిలికానుకీ మధ్య ఇనుము అడ్డం లేకుండా పోయింది. పాత ఇనుము నెమ్మదిగా చచ్చేది. సిలికాను రెప్పపాటులో చస్తుంది, చప్పుడు కూడా చెయ్యదు.

దీనికి అసలు పరీక్ష 1996 నవంబర్ 6 రాత్రి జరిగింది. కాకినాడకి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది ఆ తుఫాను. దానికి పేరు లేదు. మన సముద్రాల తుఫాన్లకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. అందుకే మావాళ్ళు ఇప్పటికీ "తొంభయ్యారు తుఫాను" అనే అంటారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళు వందల మంది. తోటలకి తోటలే నేలమట్టం. పడిన కొబ్బరి చెట్టు స్థానంలో కొత్త మొక్క వేస్తే కాపుకి రావడానికి అయిదారేళ్ళు. ఇలాంటి లెక్కల ముందు టీవీ సంగతి ఎత్తడమే సిగ్గనిపిస్తుంది. కానీ జీవితం మళ్ళీ మొదలవడమంటే ఇలాంటి చిన్న వస్తువులు మళ్ళీ మొదలవడమే కదా.

నాలుగు రోజులకి, నవంబర్ 10న దీపావళి. ప్రమిదలు పెట్టిన ఇళ్ళలో అవే దీపాలు. స్తంభాలు పడిపోయి, తీగలు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. కరెంటు రావడానికి చాలాచోట్ల వారాలు పట్టింది. ఆ మధ్యకాలంలో మా వీధిలో పలికిన టీవీ ఒకటే, మూలపడేసిన పాత బ్లాక్ అండ్ వైట్ పోర్టబులు. బ్యాటరీకి తగిలించారు. ఈటీవీ వచ్చి ఏడాది దాటింది, కేబుల్ వచ్చింది, కలర్ సెట్లు వచ్చాయి. అయినా ఆ రోజుల్లో వాటన్నిటి మీదా గెలిచింది 12 వోల్టుల ముసలి సెట్టు. కొత్తది పాతదాని కంటే అన్నిట్లోనూ మెరుగే, ఒక్క విషయంలో తప్ప. పాతదానికి దొడ్డిదారి ఉండేది.

తర్వాత ముక్కలు ముక్కలుగా కరెంటు రావడం మొదలైంది. లైన్‌మెన్ మోకాల్లోతు నీళ్ళలో నిలబడి రాత్రీ పగలూ అతుకులేశారు. వాళ్ళ కష్టానికి వంక పెట్టలేం. కానీ హడావిడిగా వేసిన అతుకు వదులైతే మొదట చెప్పిన న్యూట్రల్ కథే. రిపేరు షాపుల ముందు కలర్ టీవీలు వరసకట్టాయి.

ఆ షాపులో బల్ల మీద ఉండే సరంజామా చెప్తాను. ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, గాజు ఫ్యూజుల డబ్బా, అయిదారు రకాల డయోడ్లు, బి.యు.508 ట్రాన్సిస్టర్లు, కొన్ని ఎస్.టి.ఆర్ ఐసీలు. లేని పార్టు కావాలంటే రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళిరావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక హోల్డర్లో 100 వాట్ల బల్బు, సీరీస్ బల్బు. బాగుచేసిన సెట్టుకి నేరుగా కరెంటివ్వరు, ఆ బల్బు గుండా ఇస్తారు. లోపల ఇంకా షార్టుంటే బల్బు ధగధగా వెలిగి ఆ భారం తన మీద వేసుకుంటుంది, కొత్తగా వేసిన ట్రాన్సిస్టరు బతుకుతుంది. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారుతుంది. మేం సాఫ్ట్‌వేర్లో టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ అని పెద్ద పేరు పెట్టి కోట్లు ఖర్చుపెట్టేదాన్ని, ఆయన బల్బుతో చేసేవాడు.

ఇంకోటి కూడా ఉండేది, సర్క్యూట్ పుస్తకాల కట్ట. అప్పట్లో చాలా సెట్లతో పాటు సర్క్యూట్ బొమ్మ వచ్చేది. మాన్యువల్లో మడతపెట్టిన పెద్ద కాగితం. కొన్నిటికైతే వెనక మూత లోపలివైపు అంటించి ఉండేది. ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులుండాలో దాని మీదే రాసి ఉండేది. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ కామెంట్లతో సహా ఇచ్చేవాళ్ళు. ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ ట్రేడు చదివిన కుర్రాడు ఆ కాగితం ముందేసుకుని రెండేళ్ళలో చెయ్యి తిరిగిన మెకానిక్ అయ్యేవాడు.

తొంభైల చివరికి కొత్త రకం ఎస్.ఎం.పి.ఎస్.లు వచ్చాయి. 90 నుంచి 270 వోల్టుల దాకా ఎంతొచ్చినా నడుస్తుందని డబ్బా మీదే రాసేవారు. మన పల్లెల సాయంత్రపు లోవోల్టేజీకి అది వరమే. స్టెబిలైజర్లు అటకెక్కాయి. ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. కొత్త సెట్టు కింది వైపు చాలా దూరం దిగగలదు. 90కి దిగినా తట్టుకుంటుంది. పైవైపు మాత్రం దాని హద్దు 270. ఆపైన కాపాడేది ఏదీ లేదు. పాత స్టెబిలైజర్లలో చాలావాటికి వోల్టేజీ మరీ పెరిగితే కరెంటు కట్ చేసే ఏర్పాటుండేది. లోవోల్టేజీ బాధ పోయిందని సంబరంలో మనం హైవోల్టేజీ కాపలాదారుని కూడా పంపించేశాం.

ఇప్పటి ఎల్.ఈ.డీ టీవీకి వద్దాం. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. తర్వాత కరెంటొచ్చిన రోజున మా ఇంట్లో టీవీ పోయింది. లైటు కూడా వెలగదు. కంపెనీ సర్వీసు మనిషి చూసి, పవర్ బోర్డు మార్చాలి, అది దొరకాలంటే టైము పడుతుంది, ఆ డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది అన్నాడు. ఈ మాట మీరూ వినే ఉంటారు. నేను దాన్ని బజారులో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, పక్కనే స్టూలేసుక్కూర్చున్నాను.

"తుఫాన్లో పోయిందా బాబాయ్?" అన్నాను.

"తుఫాన్లో కాదు బాబూ, కరెంటొచ్చాక పోయుంటది. ఇప్పుతాను, సూడండి" అన్నాడు.

మూత తియ్యగానే మీటరు పెట్టలేదు. ముందు ఒక రెసిస్టరుతో పెద్ద కెపాసిటర్ని డిశ్చార్జి చేశాడు. ప్లగ్గు పీకేసినా అందులో వోల్టులు నిలవుండొచ్చు, మనిషిని విసిరికొడతాయి. (అందుకే ఇది చదివి ఎవరూ ఇంట్లో మూతలు తియ్యకండి.) తర్వాత కళ్ళతో చూడడం. ఫ్యూజు లోపల నల్లగా మాడి ఉంది. ఫ్యూజు తీగ ఊరికే కరిగితే గాజు శుభ్రంగా ఉంటుంది, నల్లబడితే పెద్ద షార్టు జరిగినట్టు. దాని పక్కన నీలం బిళ్ళ రెండుగా చీలి ఉంది. కెపాసిటర్ తల ఉబ్బి ఉంది.

ఆ నీలం బిళ్ళే ఈ కథలో వీరుడు. పేరు ఎం.ఓ.వీ, వారిస్టర్ అంటారు. జింక్ ఆక్సైడ్ గింజల్ని కాల్చి చేస్తారు. 1960ల చివర జపాన్‌లో మత్సుషిత కంపెనీలో మిచియో మత్సుఒకా దీన్ని కనిపెట్టారు. మామూలు వోల్టేజీ దగ్గర ఇది ఉన్నా లేనట్టే. హద్దు దాటితే మాత్రం తలుపులు బార్లా తెరిచి కరెంటుని తన గుండా పోనిస్తుంది. టీవీ బోర్డుల్లో వాడే 471 రకం సుమారు 300 వోల్టుల ఏసీ దాకా కదలదు. సెకనులో లక్షోవంతు సేపు వచ్చే పోటుని మింగడానికి చేసింది ఇది. న్యూట్రల్ తెగి నిమిషాల తరబడి 360 వస్తే దాన్ని నిలబడమనడం కాలవ గండికి గడ్డిమోపు అడ్డం పెట్టడం లాంటిది. అది మాడి షార్టవుతుంది, దాంతో ఫ్యూజు పోతుంది. తను చచ్చి వెనకున్న వాళ్ళని బతికించడమే దాని ఉద్యోగం. 360 వోల్టులు డీసీ అయితే 500 దాటుతుంది. కెపాసిటర్ హద్దు 450. దాని తల ఎందుకు ఉబ్బిందో చూశారు కదా.

మెకానిక్ ఆ మూడూ తీసేసి, బ్రిడ్జి డయోడ్లు, స్విచ్చింగ్ మాస్‌ఫెట్టు మీటరుతో చూశాడు. బతికే ఉన్నాయి. కొత్త ఫ్యూజు, కొత్త బిళ్ళ, కొత్త కెపాసిటర్ వేసి, సీరీస్ బల్బు గుండా కరెంటిచ్చాడు. బల్బు మెరిసి మసకబారింది. మీటర్లో స్టాండ్‌బై 5 వోల్టులు, ఆపైన 12 వోల్టులు. ముప్పావుగంట. సామానుకి నూటయాభై లోపే, కూలితో కలిపి అయిదొందలు.

"మీ బోర్డులో ఈ బిళ్ళుంది కాబట్టి సరిపోయిందండి. ఇది సూడండి" అని మూలనున్న ఇంకో బోర్డు తీశాడు. దాని మీద వారిస్టర్ గుర్తు అచ్చేసి ఉంది, రెండు రంధ్రాలున్నాయి, బిళ్ళ మాత్రం లేదు. డిజైన్ చేసిన ఇంజనీరు పెట్టమన్నాడు, ఖర్చు లెక్క చూసే ఇంకెవరో తీసేశాడు. కోడులో ఎర్రర్ చెకింగ్ లైన్లని కామెంట్ చేసి రిలీజ్ చెయ్యడం లాంటిదే. కొన్ని రూపాయల బిళ్ళ లేక ఆ బోర్డులో మాస్‌ఫెట్టు, ఐసీ, కింద రాగి గీతలు అన్నీ కాలిపోయాయి. దానికి మాత్రం బోర్డు మార్చడమే గతి.

ఇదంతా విని బోర్డు మార్చమనే వాళ్ళంతా మోసగాళ్ళని అనుకోవద్దు. వారంటీ ఉన్న సెట్టుకి కంపెనీ బోర్డు వెయ్యడమే సబబు. ఇప్పటి భాగాలు ఆవగింజంత ఉంటాయి, ఒకటి కాలితే పక్కవి కూడా బలహీనపడి ఉండొచ్చు. అనుభవం లేని చెయ్యి ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టిందంటే ఇల్లే తగలబడుతుంది. రోజుకి పది ఇళ్ళు తిరగాల్సిన సర్వీసు కుర్రాడికి ముప్పావుగంట కూర్చుని వెతికే వీలు ఎక్కడిది? అతనికి నేర్పింది కూడా బోర్డు మార్చడమే.

నా గొడవల్లా ఆ సర్క్యూట్ కాగితం గురించి. అది డబ్బాలోంచి ఎప్పుడు మాయమైందో ఎవరూ గమనించలేదు. టీవీ కొన్నవాడికి దాని లోపలేముందో తెలుసుకునే దారి మూసేశారు. కేంద్రం 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, అదే ఏడు డిసెంబర్‌లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ హక్కు కాగితం మీద ఉండి, సర్క్యూట్ కాగితం చేతికి రాకపోతే అంబాజీపేట బజారులో మెకానిక్‌కి ఒరిగేదేమిటి? ఆయన ఇవాళ చూసింది బొమ్మ లేకుండా, ముప్పై ఏళ్ళ చేతి అలవాటుతో. ఆ అలవాటు తొంభయ్యారు లాంటి తుఫాన్ల తర్వాత వరసకట్టిన సెట్ల మీద, ఆ కాగితాల సాయంతో వచ్చింది. ఆయన దగ్గర ఇప్పుడు నేర్చుకునే కుర్రాడు లేడు. అడిగితే "ఎవరొత్తారండీ, అందరికీ మీలాగా కంప్యూటర్లే కావాలి" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో తీగల్ని భూమిలోకి దించే పని చేశారు. లంకల్లో, తోటల మధ్య అది ఎప్పటికవుతుందో చెప్పలేం. గాలి మాత్రం వస్తుంది. కాబట్టి మనం చెయ్యగలిగినవి చెప్తాను. కరెంటు రాగానే ప్లగ్గు పెట్టకండి. ముందు ఒక బల్బు వేసి పదినిమిషాలు చూడండి. మరీ తెల్లగా మండినా, పక్కింట్లో మిణుకుమిణుకుమంటున్నా, మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కి కబురు చెయ్యండి. (ఎల్.ఈ.డీ బల్బు ఈ తేడా చూపించదు, పాత ఫిలమెంటు బల్బు ఒకటి దాచుకోండి.) వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే పరికరం మీటరు దగ్గర పెట్టించుకుంటే ఇంకా మంచిది. వెళ్ళిపోయిన కాపలాదారు మళ్ళీ వచ్చినట్టే.

ఆఖరుగా ఒక మాట. మీ అటక మీదో, మూసేసిన ఏ షాపు బీరువాలోనో పాత సర్క్యూట్ పుస్తకాలు, మాన్యువళ్ళు ఉంటే తూకానికి అమ్మెయ్యకండి. ఫోటోలు తీసి నలుగురికీ అందేచోట పెట్టండి. కెపాసిటర్ ఎప్పుడైనా దొరుకుతుంది. దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలిసిన మనిషి దొరకడమే ఇకముందు కష్టం.